ఆరున్నర బల్లకట్టు

మకాం నుంచి,
బుధవారం మధ్యాహ్నం.

సూరమ్మకు,

ముందుగా నా చేతిరాతకు, తప్పులకు ఏమీ అనుకోవద్దు. ఐదో తరగతి చదువు ఎంతవరకు వచ్చిందో నా ఒత్తులూ దీర్ఘాలూ అంతవరకే వచ్చాయి. పైగా పాలు పితికి పితికి కుడిచేతి బొటనవేలు వాచింది. పెన్ను నిలబడడం లేదు. రెండు నవలలు రాసిన మనిషి రాత ఇదా అని మీ చెల్లెలు నవ్వుతుంది. ఆవిడకు చూపించకు. ఇది నువ్వొక్కదానివే చదువుకో. మధ్యాహ్నం ఆవిడ పడుకున్నాక చదువుకో.

ఇక్కడ నేను, రామకృష్ణ, కోడలు మంజుష, పదకొండు గేదెలు, అందరం బాగానే ఉన్నాం. ధవళేశ్వరంలో నువ్వు బాగున్నావని, మీ చెల్లెలు కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తోందని రాశావు. సంతోషం. తుంటి ఎముక కదా, తొందరపడవద్దని చెప్పు. నేను రమ్మన్నానని నువ్వు కూడా తొందరపడకు. రమ్మంటున్నానో లేదో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మొదటి మూడూ చింపి కుడితి గోలెంలో వేశాను. లేస్తున్నాను, పాక చుట్టూ తిరిగి వస్తున్నాను, కూర్చుంటున్నాను, మళ్ళీ లేస్తున్నాను. గేదెలు నెమరు ఆపి నన్నే చూస్తున్నాయి. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. ఒక ఆఁ, ఒక ఊఁ అయ్యాక పెట్టేస్తాను. కాగితమైతే ఎదురుగా ఎవరూ ఉండరు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

తిండికి లోటు లేదు. కోడలు రెండు పూటలా క్యారేజీ పంపుతోంది. మొన్న గోంగూరలో రొయ్యలు వేసింది. బాగుంది. నీ అంత బాగా కాదని రాయమంటావు, రాశాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఒకరోజు మరిచిపోయాను. రెండు రోజులు.

రామకృష్ణ ఆదివారం వచ్చాడు. మళ్ళీ అదే మాట. "చుట్టూ మూడు వైపులా చేపల చెరువులైపోయాయి నాన్నా, మధ్యలో మన గేదెల మకాం ఒక్కటే దీవిలా ఉంది. గడ్డి కోసం లంకల్లోకి పోవలసి వస్తోంది. అక్కడ చూస్తే పుస్తకాలవాళ్ళు తొందర పెడుతున్నారు. గేదెలో, రాతలో ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు. నేను గడ్డి విదిలిస్తూ ఉండిపోయాను. వాడు కాసేపు నిలబడి, "నీతో మాట్లాడ్డం కంటే ఏరియేటర్‌తో మాట్లాడ్డం నయం. అది తిరుగుతూనన్నా ఉంటుంది" అని వెళ్ళిపోయాడు. చెరువులో నీళ్ళు చిలికే ఆ మోటారు చక్రం వాడికి ప్రాణం. వాడి మాటలో తప్పేమీ లేదు. కానీ గేదెలు లేకుండా నేను రాయలేనని వాడికి ఎలా చెప్పను? పాల వ్యాను వెళ్ళాక గడ్డికి పోయేలోగా గంటన్నర. మధ్యాహ్నం గేదెలు కాలవలో పడుకున్నాక రెండు గంటలు. తవుడు డబ్బా మూతే బల్ల. రోజంతా ఖాళీ ఇస్తే నాకు ఒక్క వాక్యం రాదు. గేదె అరిచి నన్ను లేపేస్తుందని తెలిస్తేనే వస్తుంది.

రాజమండ్రి నుంచి పబ్లిషరు ఉదయభాస్కర్ గారి ఫోన్లు మాత్రం సరిగ్గా పితికేటప్పుడే వస్తాయి. పితకడానికి వచ్చే అచ్చాయమ్మ ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెడుతుంది. నేను పొదుగు వదలకుండా మాట్లాడతాను. మొన్న ఆయన, "ఏంటండీ ఆ చప్పుడు, వానా?" అన్నారు. "పాలండి" అన్నాను. "మీరు రాజమండ్రిలో పుస్తకావిష్కరణకు స్టేజీ ఎక్కినప్పుడు ఆ బిందె కూడా తెచ్చుకోండి, ధైర్యంగా ఉంటుంది" అన్నారు. స్టేజీ అనగానే నా చేతిలో పొదుగు జారింది. గేదె తన్నింది. బిందె పడింది. అచ్చాయమ్మ ఫోన్లోకి వంగి, "మా అన్నయ్యకి స్టేజీ మాట చెప్పకండి బాబూ, మాకు పూట పాలు పోతున్నాయి" అంది.

బొట్టుగేదె ఈనిందా, జున్ను ఎవరెవరికి పంపావు అని అడిగావు. పోయిన ఉత్తరంలో కూడా అడిగావు. అప్పుడు నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఈనింది. దూడ దక్కలేదు. పెయ్యదూడ. నల్లగా, నొసట తల్లికున్నట్టే తెల్ల బొట్టు. జున్ను ఎవరికీ పంపలేదు.

ఎలా జరిగిందో రాస్తాను. పోయిన గురువారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టింది. నేను పక్కనే ఉన్నాను. పాకలోనే, పది అడుగుల దూరంలో. ఒళ్ళో పబ్లిషరు దిద్దమని పంపిన ప్రూఫు కాగితాలున్నాయి. ఒకసారి మూలిగింది. విన్నాను. ఈ పేజీ అయ్యాక లేద్దాం అనుకున్నాను. ఆ పేజీ అయ్యాక ఇంకో పేజీ. నేను లేచి చూసేసరికి దూడ ముందుకాలు ఒకటి లోపల మడత పడి ఉంది. ఐజాక్‌కు ఫోన్ చేశాను. పశువుల ఆసుపత్రిలో అటెండరు పని వదిలి రెండేళ్ళైనా, మన ఊళ్ళో ఈతలకు ఇప్పటికీ అతనే కదా. అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. లాగాడు. ముక్కులో గడ్డిపరక పెట్టాడు, నోట్లో ఊదాడు, వెనక కాళ్ళు పట్టి ఊపాడు. చాలాసేపు ఊపాడు. తర్వాత కింద పడుకోబెట్టి, గోనె కప్పి, "పావుగంట ముందు కబురు పెట్టుంటే నిలిచేదండి" అన్నాడు. తప్పు పట్టి అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు.

ఆ పావుగంట దగ్గరే నేను ఆగిపోయాను సూరమ్మా. వారం కావస్తోంది. నిద్రపోయినా అక్కడే, లేచినా అక్కడే.

ఇక్కడ ఆపి వెళ్ళవలసి వచ్చింది. పెద్ద గేదె తాడు తెంపుకుని రామకృష్ణ చెరువు గట్టెక్కింది. పట్టుకొచ్చి కట్టాను. ఇక రాస్తే ఈ పూట తేలదు. రేపు రాస్తాను.

గురువారం. పాల వ్యాను వెళ్ళింది.

దూడ పోయాక బొట్టుగేదె పాలు చేపడం మానేసింది. పొదుగు రాయిలా అయింది. ముట్టుకుంటే కాలు ఎత్తుతుంది. తలుపు వైపే చూసేది. తిండి లేదు. ఐజాక్ రెండో రోజు వచ్చి, "తోలు ఉంచానండి, గడ్డిదూడ కడదామండి" అన్నాడు. మా నాన్న హయాంలో కట్టేవారు. నా చేతుల మీదుగా ఎప్పుడూ కట్టలేదు. నాకు ఇష్టం లేదు. మూగజీవాన్ని మోసం చేయడమేంటి అన్నాను. అచ్చాయమ్మకు కోపం వచ్చింది. "పొదుగు పాడైపోతే అది చచ్చిపోద్ది, అప్పుడు నీతి చెప్పుకుందువు గాని" అంది.

దూడ తోలులో ఎండుగడ్డి కూరి, నాలుగు వెదురు ముక్కలు కాళ్ళుగా పెట్టి కట్టాడు. ఉప్పునీళ్ళు, తవుడు రాశాడు. చూడడానికి దూడలా లేదు. తల ఒక పక్కకు వాలిపోయింది. కళ్ళు లేవు. తెచ్చి దాని ముందు పెట్టాడు. నేను పాక బయటికి వచ్చేశాను. అది ఎక్కడ పొడిచి పారేస్తుందో అని నా భయం. కాసేపటికి లోపల చప్పుడు. నాకుతున్న చప్పుడు. తొంగి చూస్తే నొసట బొట్టు ఉన్నచోటే నాకుతోంది, మళ్ళీ మళ్ళీ. చెంబులో పాలు పడుతున్నాయి. అచ్చాయమ్మ కళ్ళొత్తుకుంటూ పితుకుతోంది.

"చూశావా, దానికి తెలియలేదు" అన్నాను.

"ఎందుకు తెలీదన్నయ్యా? గడ్డి వాసన దానికి తెలీదా, పొద్దస్తమానం తినేది అదే కదా. తెలుసు. నాకడానికి ఏదో ఒకటి కావాలి దానికి" అంది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. "మీ వరద ఎంతదాకా వచ్చింది, నాకు ఒక్క ప్రకరణం కూడా ఎందుకు చదివి వినిపించలేదు?" అని అడిగావు.

మొదటి నవల నువ్వు పిడకలు కొడుతూ మొత్తం విన్నావు. ఎక్కడ బాగోకపోతే అక్కడ చెయ్యి ఆపేదానివి. ఆ ముసలమ్మ కొడుకు పోయాడని వినగానే ఏడిచిందని నేను రాస్తే, "అలా ఏడవదండీ, ముందు పొయ్యి ఆర్పుతుంది, తర్వాత ఏడుస్తుంది" అన్నావు. మార్చాను. ఉదయభాస్కర్ గారు పుస్తకమంతటిలో ఆ ఒక్కచోటే బాగుందన్నారు. అది నీదని ఆయనకు చెప్పలేదు. అది ఒక తప్పు. ఈ రెండోది వరద గురించి అని నీకు చెప్పాను. మూడేళ్ళు అదే చెప్పాను. నువ్వు గోదావరి ఎర్రనీరు చూసినప్పుడల్లా, "చూసి రాసుకోండి" అనేదానివి. ఈ నవలలో వరద లేదు సూరమ్మా. ఒక్క పేజీలో కూడా లేదు.

ఒక ఆడపిల్ల ఉంది. ఆరేళ్ళప్పుడు జ్వరం వస్తుంది. తగ్గుతుంది. పెరుగుతుంది. హైస్కూలుకు సైకిలు మీద వెళ్తుంది. తండ్రి మాట వినదు. పెళ్ళి చేస్తే అత్తారింట్లో సర్దుకుపోతుంది గాని పుట్టింటికి వచ్చినప్పుడల్లా తండ్రితో పోట్లాడుతుంది. జుట్టు నెరుస్తుంది. ఆఖరి ప్రకరణంలో మకాం గుమ్మంలో నిలబడి, ఈ వయసులో నీకు గేదెలెందుకు నాన్నా అని తిడుతుంది. అంతే కథ. అందులో పెద్దగా ఏమీ జరగదు. మూడేళ్ళు ఆ పిల్లతో గడిపాను.

పేరు దుర్గాశ్రీ అని పెట్టాను. దాణా లారీ వెనక రాసి ఉన్న పేరు. ఏదో ఒకటని పెట్టాను.

పది రోజుల కిందట పబ్లిషరు దగ్గర డీటీపీ చేసే ఆశాజ్యోతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. నా రాత చదవగలిగిన ఏకైక మనిషి. "తాతగారూ, మీ అమ్మాయికి రెండు పేర్లున్నాయండీ" అంది. ఎవరికి అన్నాను. "మీ నవల్లో అమ్మాయికండీ. పన్నెండో ప్రకరణం దాకా దుర్గాశ్రీ అని రాశారు. అక్కణ్ణుంచి ఆఖరి దాకా సత్యవేణి. చివర్లో రాసిందే ఖాయం చేశారనుకుని మొదటి నుంచీ అన్నీ సత్యవేణి చేసేశానండీ. కంప్యూటర్లో ఒక్క నొక్కుడు. ప్రూఫు పంపాను, చూసుకోండి. మార్చినవీ మీరు రాసినవీ కలిపి నాలుగు వందల పన్నెండు చోట్లండీ" అంది.

నేను "ఆఁ" అన్నాను. పెట్టేశాను.

నాకు తెలియదు సూరమ్మా. ఒట్టు. రాసేటప్పుడు దుర్గాశ్రీ అనే రాస్తున్నాననుకున్నాను. నా చెయ్యి ఎప్పుడు మారిందో నాకు తెలియదు.

మనింట్లో నలభై ఒక్క ఏళ్ళుగా పైకి అనని పేరు. రామకృష్ణకు అక్క ఉండేదని తెలుసు గాని నోటితో ఎప్పుడూ అడగలేదు. ఆ పేరు అచ్చులో, నున్నటి తెల్ల కాగితం మీద, నాలుగు వందల పన్నెండు చోట్ల వచ్చింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి దుర్గాశ్రీ అని రాసి పంపాలి. పోయిన గురువారం ఆ పనికే కూర్చున్నాను. మొదటి పేజీ తీసి పెన్ను ఆనించాను. కొట్టలేకపోయాను. రెండో పేజీ చూద్దామనుకున్నాను. అదీ కొట్టలేకపోయాను. ఒక్కటీ కొట్టకుండా చదువుకుంటూ పోయాను. అప్పుడే బొట్టుగేదె మూలిగింది. ఈ పేజీ అయ్యాక లేద్దాం అనుకున్నది ఆ పేజీయే.

అది ఏ పేజీనో చెప్పాలి. ఇంతదూరం ఆ పేజీ దగ్గరికి రాకుండా ఉండడానికే గోంగూర సంగతీ ఏరియేటర్ సంగతీ రాశాను.

ఆ పేజీలో తండ్రి పిల్లను భుజాన వేసుకుని రేవుకు పరుగెత్తుతాడు. ఆరున్నర బల్లకట్టు అందుతుంది. అవతలి ఒడ్డున డాక్టరు ఉంటాడు.

నువ్వు రామకృష్ణ పురిటికి మీ పుట్టింటికి వెళ్ళి ఉన్నావు. పిల్ల, మా అమ్మ, నేను ఇక్కడ ఉన్నాం. నాలుగు రోజుల జ్వరం. ఐదో రోజు తెల్లారేసరికి పిల్ల పిలిస్తే పలకడం లేదు. కళ్ళు తెరుస్తోంది, మళ్ళీ మూస్తోంది. అమ్మ, "ఒరే, పిల్ల నాకు బాగా కనపడ్డం లేదురా, అవతలి ఒడ్డుకి తీసుకుపో" అంది. అప్పుడు ఐదు గేదెలు. పాలేరు ఆ రోజు రాలేదు. పొదుగులు నిండి అరుస్తున్నాయి. నేను అమ్మతో, "ఈ ఒక్క పూట పితికేసి వెళ్తాను" అన్నాను. అమ్మ, "వద్దురా" అంది. నేను వినలేదు. నాలుగు రోజులుగా ఉన్న జ్వరమే కదా అనుకున్నాను. ఐదు గేదెలూ పితికాను సూరమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు. ఐదో గేదె ఆలస్యంగా చేపింది. దాని కోసం ఆగాను.

రేవుకు వెళ్ళేసరికి ఏడు. ఆరున్నర బల్లకట్టు వెళ్ళిపోయింది. అవతల ధాన్యం బళ్ళు ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి గంట పైన పట్టింది. పిల్ల నా భుజం మీదే ఉంది. అవతలి ఒడ్డు చేరాక డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. కాస్త ముందు తెస్తే అన్నాడో లేదో నాకు గుర్తు లేదు. నేనే అనుకున్నానేమో. అది ఈ నలభై ఒక్క ఏళ్ళలో చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

పచ్చి బాలింతరాలికి చెప్పకూడదన్నారు పెద్దవాళ్ళు. ఇరవై మూడు రోజులు నీకు కబురు లేదు. నువ్వు పసివాణ్ణి ఎత్తుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఎలా?" అని ఒక్క మాట అడిగావు. నేను, "బల్లకట్టు అవతల ఉండిపోయింది, ఎంత పిలిచినా రాలేదు" అన్నాను.

అవతల ఉన్నమాట నిజం. ఎందుకు అవతల ఉందో చెప్పలేదు. పిలిచినమాట అబద్ధం. నేను పిలవలేదు.

నువ్వు పసివాణ్ణి అమ్మ చేతిలో పెట్టి రేవుకు వెళ్ళావు. బల్లకట్టు నడిపే మనిషిని అందరి ముందూ అన్నావు. ఏమన్నావో నేను మళ్ళీ రాయను. ఐజాక్ వాళ్ళ నాన్న ఆయన. గెడకర్ర పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, నీ వెనక నిలబడ్డ నన్ను చూశాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. చెప్పలేదు. తల దించుకున్నాడు. ఆ తర్వాత ఏటా వేసవిలో ముంజలు తెచ్చి మన అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. నువ్వు వాటిని గేదెలకు వేసేదానివి. ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదు. నేను వెళ్ళాను గాని దూరంగా నిలబడి వచ్చేశాను. ఇప్పటికీ ఐజాక్ మన మకాంలోకి వస్తే నువ్వు ఇంట్లోకి వెళ్ళిపోతావు. అతను కాఫీ అడగడు, నువ్వు ఇవ్వవు. అంతా నా మాట వల్ల.

మళ్ళీ లేచి తిరిగి వచ్చాను.

గడ్డిదూడ కట్టిన రోజు, పని అయ్యాక ఐజాక్ గడ్డివాము పక్కన కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. నాకు నోరెలా వచ్చిందో వచ్చింది. "ఐజాక్, ఆ రోజు నేను రేవుకు ఏడింటికి వచ్చాను" అన్నాను. ముందూ వెనకా లేకుండా అదొక్కటే అన్నాను. ఏ రోజు అని అతను అడగలేదు.

"ఆయ్. మా నాన్న చెప్పేడండి" అన్నాడు.

ఎప్పుడు చెప్పాడని అడిగాను. "మీ ఆవిడ గారు రేవుకాడ తిట్టిన రోజేనండి. నాకప్పుడు పధ్నాలుగేళ్ళండి. నేను ఊరుకోలేక, నువ్వు టయానికే వెళ్ళేవు కదా నాన్నా, ఆయనే లేటుగా వచ్చేడు, చెప్పొచ్చు కదా అన్నానండి. మా నాన్న నన్నొకటి ఏశాడండి. ఆయమ్మకి కోపం పెట్టుకోడానికి ఎవరో ఒకరు కావాలిరా, అది మొగుడి మీద పెట్టుకుంటే ఆ కొంపలో ఇంకెలా బతుకుద్ది, నా మీదుంటే నాకు పోయిందేవుంది, నేను ఏటి మీద ఉండేవోణ్ణి అన్నాడండి. నోరెత్తితే చంపేస్తానన్నాడండి. ఎత్తలేదండి."

"ఇన్నేళ్ళూ నా గేదెలకు ఎందుకు వచ్చావు మరి?" అన్నాను.

"గేదెలేం చేసేయండి?" అన్నాడు. లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఆ గడ్డిదూడకి రోజూ ఉప్పునీళ్ళు రాయండి, మరిచిపోకండి" అన్నాడు.

అప్పుడు గేదెల కోసం పిల్లను ఆపాను. ఇప్పుడు పిల్ల కోసం గేదెను ఆపాను. రెండింటికీ సరైన వేళకు లేచినవాణ్ణి కాను. రామకృష్ణ ఏదో ఒకటి తేల్చుకో అన్నప్పుడు వాడికి తెలియకుండానే ఇదే అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. వచ్చే బుధవారానికి ప్రూఫు పంపకపోతే అచ్చుకు ఆలస్యమవుతుందని, రాజమండ్రిలో హాలు కూడా చెప్పేశామని ఉదయభాస్కర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. పంపనని చెప్పాను. ఎందుకండీ అని అడిగారు. ఒకరు చదవాలండి అన్నాను. ఎవరండీ అంటే చెప్పలేదు. పంపనని ఆయనతో అనడానికే నాకు రెండు రోజులు పట్టింది.

ప్రూఫు మొత్తం ఈ ఉత్తరంతోపాటు పార్సిలు చేస్తున్నాను. రెండు వందల ఎనభై ఆరు పేజీలు. నువ్వు చదువు. పిల్ల ఆ వయసులో అలా అనదు అనుకున్నచోట నీ చేత్తో గీత పెట్టు. నీకు కోపం వస్తే చదవకు, పొయ్యిలో పెట్టు. నా దగ్గర వేరే ప్రతి ఉందని అనుకోవద్దు. ఉంది గాని, నువ్వు వద్దంటే దాన్ని కూడా గోలెంలో వేస్తాను. నిన్ను బతిమాలడానికి ఇది రాయడం లేదు. నీ కోపం నలభై ఒక్క ఏళ్ళు వేరే గుమ్మంలో ఉంది. అది నాది. తెచ్చుకుంటున్నాను.

పెన్ను ఒకటి పార్సిల్లో పెట్టాను. ఎర్రది. పేరు ఉంచమంటే ఉంచుతాను. కొట్టేయమంటే నువ్వే కొట్టు. నా చేత కాలేదు.

ఇంకొక్క సంగతి. నిన్న పొద్దున ఐజాక్ గడ్డిదూడను చూడ్డానికి వచ్చినప్పుడు నేను కాఫీ పెట్టాను. నాకు పెట్టడం రాదని నీకు తెలుసు. డికాషన్ నల్లగా అయింది, పంచదార ఎక్కువైంది. నీ స్టీలు గ్లాసులో ఇచ్చాను. అతను గ్లాసు వైపు చూసి, ఇంటి వైపు చూసి, "ఆవిడ గారు ఊళ్ళో లేరాండి?" అన్నాడు. లేరన్నాను. అరుగు మీద కూర్చోలేదు. నిలబడే తాగాడు. గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆ గ్లాసు అక్కడే ఉంది. నేను ముట్టుకోలేదు.

బొట్టుగేదె ఇప్పుడు పూటకు మూడు లీటర్లు ఇస్తోంది. గడ్డిదూడకు ఉప్పునీళ్ళు మరిచిపోకుండా రాస్తున్నాను.

మీ చెల్లెలికి నా నమస్కారాలు. పోస్టుమేన్ ఇక్కడికి పదకొండింటికి వస్తాడు. ఆ వేళకు గేదెలను కాలవకు తోలడం మానేసి గట్టు మీద కూర్చుంటాను. పెద్ద ఉత్తరం రాయక్కర్లేదు. కార్డు మీద ఒక్క మాట చాలు. తిట్టైనా సరే. తొందరగా రాయి.

ఇట్లు,
సత్యవేణి నాన్న.